నల్లగట్టు కడుపులో నిప్పు

అనగనగా ఒక కొండ. ఆ కొండను ఏలిన రాజులు మారారు, కొండ మీది చెట్లు మారాయి, కొండ కింది నిప్పు మాత్రం మారలేదు.

ఆ కొండ పేరు నల్లగట్టు. పూర్వం అక్కడ రాక్షసిబొగ్గు తవ్వేవారు. నేల కడుపులో దొరికే నల్లరాయి అది. అంటిస్తే కట్టెకంటే ఎక్కువ సేపు, ఎక్కువ వేడిగా మండుతుంది. ఆ దేశంలో కమ్మరి కొలుములన్నిటికీ ఆ గని బొగ్గే దిక్కు. తాతలు తవ్వారు, తండ్రులు తవ్వారు, కొండ లోపలంతా సొరంగాలు చేశారు. ఎవరి దివిటీ తగిలిందో, ఎక్కడ రాజుకుందో, ఒకనాడు గనిలో నిప్పు పుట్టింది. నీళ్ళు పోశారు, ఆరలేదు. మట్టి కప్పారు, ఆరలేదు. చివరికి పలుగులూ తట్టలూ అక్కడే వదిలేసి పైకి వచ్చేశారు.

వాళ్ళు పోయారు. వాళ్ళ మనుమలూ పోయారు. నిప్పు పోలేదు.

వాన కురిస్తే కొండ పగుళ్ళలోంచి ఆవిరి లేచేది. చలికాలం పొద్దున లోకమంతా మంచు కప్పుకున్నా, నల్లగట్టు మీద ఒక పట్టీ మాత్రం పొడిగా, పచ్చగా ఉండేది. అడవిపందులు అక్కడ పడుకునేవి కావు. చీమలు అక్కడ పుట్టలు పెట్టేవి కావు.

మనుషులు మాత్రం ఇళ్ళు కట్టారు.

కట్టరా మరి? ఆ దేశంలో చలి ఎముకలు కొరికేది. నల్లగట్టు మీద నేల కాచిన పెనంలా కాదు గానీ, పిల్లను ఎత్తుకున్న తల్లి ఒడిలా వెచ్చగా ఉండేది. ముందు ఒక ఇల్లు లేచింది, పక్కన ఇంకొకటి, చూస్తుండగానే ఊరైంది. ఆ ఊరికి వెచ్చనూరు అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఊళ్ళో మైలమ అనే ఆవిడ ఉండేది. ఆమె రాజుగారి కొలువులో వేగరి. అంటే, ఎవరూ పోని చోటికి ముందు తాను పోయి, అక్కడేముందో చూసి వచ్చి చెప్పడం ఆమె పని. పెనిమిటి సరిహద్దు కోటలో కాపలా. ఇంట్లో ఆమే, అత్త బొల్లవ్వే. బొల్లవ్వకు కీళ్ళవాతం. వెచ్చనూరికి రాకముందు మంచం దిగలేకపోయేది. వచ్చాక, వేడి నేల మీద గొంగడి పరుచుకుని పడుకునీ పడుకునీ, లేచి నడిచింది. "ఈ నేల నా పాలిటి వైద్యుడమ్మీ!" అని వచ్చిన వాళ్ళందరితో చెప్పుకునేది.

ఆ దేశాన్ని ఏలే సూరభూపతికి వెచ్చనూరి సంగతి తెలిసింది. చలికాలం గడపడానికి అక్కడొక మేడ కట్టించాలని ఆయనకు మనసైంది. గట్టు మీద గుడారం వేయించి, పునాది గీతలు గీయించాడు. ఇంతలో ఆయనకు ఒక అనుమానం వచ్చింది.

"పైన ఏముందో కనిపిస్తూనే ఉంది. కింద ఏముందో చూసిన వాళ్ళెవరు?" అన్నాడు.

చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"అయితే చూసి రండి. చూసింది చూసినట్టు చెప్పండి. ఆ తర్వాతే మొదటి రాయి వేయిద్దాం."

ముందుగా లేచింది రేచనసెట్టి. వెచ్చనూరి అంగడి అంతా ఆయనదే. రాజుగారి మేడ లేస్తే ఊరు పెరుగుతుంది, ఊరు పెరిగితే అంగడి పెరుగుతుందని ఆయన ఆశ. పాత గని గుమ్మం దాకా పల్లకీలో వెళ్ళాడు. గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి నుంచి వేడిగాలి ముఖానికి తగిలింది. ఆ పైన ఒక్క అడుగు వెయ్యలేదు. తిరిగి వచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ! లోపల అగ్నిహోత్రుడు హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆయన ఊపిరే మనకు వెచ్చదనం. ఇంతకంటే పుణ్యభూమి ఎక్కడుంది?"

రాజు సంతోషించాడు.

రెండోసారి గండ్రనాయకుడు బయలుదేరాడు. ఆయన సేనాపతి. పులిని బల్లెంతో నిలబెట్టినవాడని పేరు. దివిటీలు పట్టించుకుని అదే గుమ్మంలోంచి లోపలికి నడిచాడు. మొదటి మలుపు దగ్గర దివిటీలు వాటంతటవే చిన్నబోయాయి. ఎవరూ ఊదలేదు, గాలీ వీచలేదు. అయినా మంటలు కుంచించుకుపోయి నీలంగా వణికాయి. వెనకాల ఉన్న భటుడొకడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నాయకుడు వాణ్ణి భుజాన వేసుకుని బయటికి పరిగెత్తాడు. కంటికి కనిపించే శత్రువులనెందరినో ఎదిరించాడు గానీ, ఆ కనబడనిదాన్ని చూసి ఆయన గుండె జారింది. అలా చెప్పుకోవడానికి మీసం అడ్డొచ్చింది.

"చివరిదాకా వెళ్ళాను ప్రభూ! పొగ తప్ప ఏమీ లేదు," అన్నాడు.

రాజు ఇంకా సంతోషించాడు. అయినా ఆయన తండ్రి చెప్పిన మాట ఒకటుంది: ముగ్గురిని అడగనిదే ముడి వెయ్యకు. అందుకని మైలమ వైపు చూశాడు.

మైలమ వెంటనే గుమ్మంలోకి పోలేదు. ముందు కొండ చుట్టూ తిరిగింది. ఎక్కడ ఆవిరి లేస్తోందో చూసింది. ఎక్కడ గడ్డి మాడిందో చూసింది. ఉత్తరం వైపు లోయలో, ముళ్ళపొదల వెనక, మనిషి పట్టేంత బిలం ఒకటి కనిపించింది. దాని ముందు కూర్చుని నీళ్ళు తాగుతుండగా ఒక ఎండుటాకు దొర్లుకుంటూ వచ్చి, బిలం అంచున ఒక్క క్షణం ఆగి, లోపలికి పోయింది. దాని వెనకే ఇంకొకటి. మైలమ పిడికెడు బూడిద తీసి వదిలింది. అదీ సన్నని తోకలా సాగి లోపలికే పోయింది.

ఆమె ఒళ్ళు జలదరించింది. కొండ ఊపిరి పీలుస్తోంది! ఇక్కడ పీల్చి, అవతల గట్టు మీద పొగగా వదులుతోంది. మనుషులు పుట్టకముందు నుంచీ బతికున్న ఏదో పెద్ద జీవం పక్కన కూర్చున్నట్టు అనిపించింది ఆమెకు.

'మంచి గాలి లోపలికి పోయే దారే మనకూ దారి,' అనుకుంది. నెత్తికి తడిగుడ్డ చుట్టింది. నీళ్ళ తోలుతిత్తి భుజాన వేసుకుంది. చిన్న దీపం వెలిగించి, నేలకు దగ్గరగా పట్టుకుంది. అది చిన్నబోతే వెనక్కి తిరగాలని మనసులో గట్టిగా అనుకుని లోపలికి దిగింది.

గాలి వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టుంది. గోడల మీద పలుగు గాట్లు నిన్న పడ్డట్టే ఉన్నాయి. ఒకచోట ఎవరో సద్దిమూట తగిలించుకున్న కొయ్యమేకు అలాగే ఉంది. ఒక గోడ మీద మసి చేతుల గుర్తులు: పెద్ద చెయ్యి, దాని పక్కన ఆడమనిషి చెయ్యి. మైలమ తన అరచెయ్యి ఆ గుర్తు మీద ఆనించింది. గోడ వెచ్చగా ఉంది.

ఇంకా లోపలికి పోయేకొద్దీ దీపం అక్కర్లేకపోయింది. చీకటి ముందు ముదురెరుపైంది, తర్వాత కుంకుమైంది. సొరంగం మలుపు తిరిగింది. మైలమ నిలబడిపోయింది.

ఎదురుగా కోట ముంగిలంత విశాలమైన గుహ. అందులో కొండ కడుపంతా ఎర్రగా కణకణలాడుతోంది. పొయ్యిలో మంటలా ఎగసిపడటం లేదు. చప్పుడు లేదు. గోడలకు గోడలే నిప్పులు. బొగ్గుపొర ఎటు సాగితే అటు ఎర్రని ఏరులా సాగిపోతోంది. దాని మీద అక్కడక్కడ నీలపు మంటలు తామరరేకుల్లా విచ్చుకుని, ముడుచుకుని, మళ్ళీ విచ్చుకుంటున్నాయి. పైకప్పు పడకుండా పాతకాలం వాళ్ళు వదిలిన బొగ్గు స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. అవి ఎప్పుడో కాలిపోయాయి. ఆకారం స్తంభమే గాని లోపలంతా బూడిద. మైలమ చూస్తుండగానే ఏనుగంత స్తంభమొకటి పిండిలా జల్లున రాలిపోయింది. చిన్న నిట్టూర్పు వినిపించింది, అంతే.

ఆమె భయపడలేదని కాదు. భయం కంటే పెద్దదేదో ఆమెను పట్టుకుంది. తన ముత్తవ్వ పుట్టకముందే రగిలిన నిప్పు అది. ఎవరు చూసినా చూడకపోయినా, ఎవరు మొక్కినా తిట్టినా, దాని పని అది చేసుకుపోతోంది. ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

అప్పుడు వినిపించింది.

ధం... ధం... ధం...

పైకప్పులోంచి వస్తోంది ఆ చప్పుడు. ధం అన్నప్పుడల్లా పైనుంచి సన్నగా మట్టి రాలుతోంది. ఏమిటిది? మైలమ చెవులు రిక్కించింది. ధం... ధం... ఆ వరస ఆమెకు తెలుసు. రెండు రోకళ్ళు ఒకదాని వెంట ఒకటి పడే వరస. పైన ఎవరో జొన్నలు దంచుతున్నారు.

తన ఊరు! తను నిలబడ్డది తన ఊరి కింద!

తిరుగుదారిలో మైలమ అడుగులు బరువెక్కాయి. చూసింది చెబితే ఊరు లేచిపోవాలి. ఊరు లేచిపోతే అత్త మళ్ళీ చలి నేల మీద పడుకోవాలి, మళ్ళీ మంచం పట్టాలి. 'అంత లోతున ఉంది, మన తరంలో ఏమీ కాదు' అని ఒక్క మాటంటే చాలు. రాజు మెచ్చుకుంటాడు, ఊరు మెచ్చుకుంటుంది. ఆ ఒక్క మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ధం ధం అనే చప్పుడు చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. ఆ మాటను మింగేసింది.

రాజు ముందు నిలబడి చూసినదంతా చూసినట్టు చెప్పింది. రాజు ముఖం మాడిపోయింది.

"ఇద్దరిది ఒక మాట, నీదొక మాట. దేన్ని నమ్మను?"

రేచనసెట్టి గొంతు పెంచాడు. "ఆడమనిషి, చీకట్లో జడుసుకుంది ప్రభూ! ఇంత చల్లని వేళ ఇంత మంచి ఊరు మీద ఎవరైనా ఇలాంటి మాటలంటారా?"

మైలమకు కోపం రాలేదు. "ప్రభూ! నా మాట నమ్మవద్దు. వాళ్ళ మాటా నమ్మవద్దు. దారి నాకు తెలుసు, మీరే రండి. సెట్టిగారూ, నాయకులవారూ కూడా వస్తారు. లోపల చూసి వచ్చామన్నారు కదా, వాళ్ళకేం భయం?"

సెట్టి పొట్ట పట్టుకున్నాడు. "పొద్దుట్నుంచీ కడుపులో ఒకటే నొప్పి ప్రభూ..."

గండ్రనాయకుడు తల వంచుకున్నాడు. తర్వాత కత్తి తీసి రాజు పాదాల ముందు పెట్టాడు.

"నేను మొదటి మలుపు దాటలేదు ప్రభూ. భయపడ్డాను. ఆ భయాన్ని దాచుకున్నాను. ఈసారి మీతో వస్తాను."

"కత్తి తీసుకో," అన్నాడు రాజు. "పద."

ముళ్ళపొదల వెనక బిలంలోంచి ముగ్గురూ దిగారు. ముందు మైలమ, నడుమ రాజు, వెనక నాయకుడు. గుహ కనిపించగానే రాజు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ఎవరి ముందూ దించని తలపాగా అది.

ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఏటిని తిప్పి ఇందులోకి వదిలితే?"

మైలమ తోలుతిత్తిలోంచి దోసెడు నీళ్ళు తీసి ఎర్రని రాతి మీదికి విసిరింది. ఫెళ్ళుమంది. రాయి పగిలి ముక్కలు ఎగిరాయి. ఆవిరి బుసకొట్టి ముఖాల మీదికి వచ్చింది. ముగ్గురూ వెనక్కి దూకారు.

"దోసెడు నీళ్ళకే ఇలా అయితే, ఏటికి ఏమవుతుందో తమరే ఊహించండి," అంది మైలమ.

అప్పుడే పైనుంచి వినిపించింది. ధం... ధం... మట్టి రాలింది. రాజు ఉలిక్కిపడి పైకి చూశాడు.

"ఎవరది?"

"మన వాళ్ళే ప్రభూ. పొద్దుటి పిండి దంచుకుంటున్నారు."

రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడికి కాదు. "దీన్ని ఎలా గెలవాలి మైలమా?" అన్నాడు.

"గెలవలేం ప్రభూ. దారి విడుద్దాం. మనం దాని నెత్తిమీద నుంచి లేచిపోదాం. కొండ చుట్టూ తిరిగినప్పుడు చూశాను, బొగ్గుపొర తూర్పు లోయ పల్లెల వైపు సాగుతోంది. అది సన్నబడిన చోట కందకం కొట్టి, ఉన్న బొగ్గంతా తీసేసి, బంకమట్టితో నింపుదాం. అప్పుడు ఈ నిప్పు ఆ పల్లెల కిందికి పాకదు. ఇక్కడున్నది తిని, ఇక్కడే అరిగిపోతుంది. అది మన కాలంలో కాకపోవచ్చు."

రాజు పైకి వచ్చి మొట్టమొదట చేసిన పని పునాది గీతల్ని తన కాలితో చెరిపెయ్యడం. తర్వాత ఊరు లేపమని చాటింపు వేయించాడు.

ఊరు గొల్లుమంది. వెచ్చని ఇల్లు వదిలి చలిలోకి ఎవరు పోతారు? "మా తాతల నాటి నుంచీ ఉన్న నిప్పు, ఇప్పుడే మింగుతుందా?" అన్నారు. "రాజు మాటైనా సరే, కదలం!" అని గడపల మీద కూర్చున్నారు. అందరూ బొల్లవ్వ ఇంటివైపే చూస్తున్నారు. ఆ ముసలమ్మ కంటే ఈ నేల ఎవరికి ఎక్కువ కావాలి? ఆమె కదలకపోతే ఎవరూ కదలరు.

మైలమ ఇంట్లోకి వెళ్ళింది. బొల్లవ్వ గొంగడి మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కోడలు నోరు తెరవకముందే ముసలమ్మే అడిగింది.

"నువ్వు చూశావా అమ్మీ?"

"చూశానత్తా."

"నీ కళ్ళతో?"

"నా కళ్ళతో. మన రోకలి పోటు కింద నుంచి విన్నానత్తా."

బొల్లవ్వ అరచెయ్యి నేలకు ఆనించి కాసేపు అలాగే ఉంచింది. జబ్బు నయం చేసిన వైద్యుడి దగ్గర సెలవు తీసుకుంటున్నట్టుంది. తర్వాత చెయ్యి చాపింది.

"నా కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ లేనిది చెప్పలేదు. లేపు నన్ను. ఆ గొంగడి మడత పెట్టు."

కోడలి భుజం పట్టుకుని, కుంటుకుంటూ, బొల్లవ్వ వీధిలోకి వచ్చింది. గడపల మీద కూర్చున్న వాళ్ళు ఆమెను చూశారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. సాయంత్రానికి బండ్లు కట్టారు.

ఎదురుగట్టు మీద కొత్త ఊరు లేచింది. మేడకు తెచ్చిన రాళ్ళతో రాజు వాళ్ళకు గోడలు కట్టించాడు, మేడకు తెచ్చిన దూలాలతో కప్పులు వేయించాడు. గండ్రనాయకుడు బల్లెం పక్కన పెట్టి పార పట్టాడు. సైనికులతో కలిసి తూర్పు కందకంలోకి అందరికంటే ముందు దిగేవాడు, అందరికంటే వెనక పైకి వచ్చేవాడు. రేచనసెట్టి మాత్రం కదల్లేదు. "మీరంతా పొండి. అంగడి నేను చూసుకుంటాను," అని ఒక్కడే తలుపులేసుకుని కూర్చున్నాడు.

కందకం పూర్తయింది. బంకమట్టి నింపి, ఏనుగులతో తొక్కించారు. ఆ తర్వాత వానలు వచ్చాయి.

ఒక పగటివేళ, జనమంతా పొలాల్లో ఉండగా, నల్లగట్టు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. ఉరుము నేలలోంచి వచ్చింది. వెచ్చనూరి నడివీధి కొంచెం కుంగింది, ఆగింది, ఇంకొంచెం కుంగింది. తర్వాత వీధులూ గోడలూ మేడ కట్టాలనుకున్న చదునూ అన్నీ కలిసి మెల్లగా లోపలికి దిగిపోయాయి. ఆ గుంటలోంచి ఎర్రని వెలుగు మబ్బులదాకా లేచింది. వాన చినుకులు ఆ గుంటలో పడకముందే ఆవిరయ్యాయి. ఎదురుగట్టు మీద నిలబడిన పసివాళ్ళు సైతం ఏడుపు మరిచి చూశారు. తమ ఊరు పోయిందన్న దుఃఖం కూడా ఆ క్షణాన నోరు మెదపలేదు.

ఆ వెలుగులోంచి ఒక మనిషి పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. రేచనసెట్టి. కాళ్ళకు చెప్పుల్లేవు, జుట్టు కమిలింది. మొదటి పగులు చూడగానే అన్నీ వదిలి పరుగు తీశాడు. ఎదురుగట్టు ఎక్కి కూలబడి, మైలమ ముఖం చూడలేక కళ్ళు దించుకున్నాడు. ఎవరో నవ్వబోయారు.

"ఊరుకోండి," అంది బొల్లవ్వ. పొయ్యి మీది అంబలి ముంతలో పోసి సెట్టికి అందించింది. "తాగు నాయనా. బతికి వచ్చావు, అదే పదివేలు."

తూర్పు లోయలో పల్లెలు చల్లగా ఉన్నాయి. నిప్పు కందకం దాకా వచ్చి, బంకమట్టిని తాకి, ఆగింది. చలికాలంలో బొల్లవ్వ కీళ్ళు మళ్ళీ నొప్పి పెట్టాయి. పెట్టకుండా ఎలా ఉంటాయి? మైలమ ఇటుకలు కాచి, గుడ్డలో చుట్టి, రోజూ ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టేది. ముసలమ్మ నొప్పికి మూలుగుతూనే కొత్త ఊరి పిల్లలకు నల్లగట్టును చూపించి, నేల కింది ఎర్రని ఏటి సంగతి చెప్పేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు.

నల్లగట్టు ఇప్పటికీ మండుతూనే ఉందట. వెచ్చని అబద్ధం మీద కట్టిన ఇల్లు కూలక తప్పదు. చలి పుట్టించినా సరే, నిజమే మనిషిని నిలబెట్టే నేల.